ఆపరేషన్ బల్ల వరకూ నిధులు చేరాలి: ఆరోగ్య బడ్జెట్లు మంజూరు చేసే అధికారులకు బహిరంగ లేఖ

ప్రభుత్వ ఆరోగ్య బడ్జెట్లను తయారుచేసే, మంజూరు చేసే, విడుదల చేసే అధికారులందరికీ నమస్కారం.

నేను ఆపరేషన్ థియేటర్ ఇన్‌ఛార్జి నర్సును. థియేటర్‌లోకి ఏ వస్తువు రావాలన్నా ఇండెంటు రాసేది నేనే. ఏది అయిపోయినా ముందుగా కబురు వచ్చేదీ నాకే. ఆ బాధ్యతలో ఏళ్ల తరబడి చూసినదాన్ని బట్టి మీకు ఒక విషయం గట్టిగా చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. ఆపరేషన్లు వాయిదా పడటానికి సర్జన్ల కొరత, మత్తు డాక్టర్ల కొరత కారణమని అందరూ చెబుతారు. అది నిజమే. కానీ డాక్టర్లు ఉండి, గది ఉండి, రోగి సిద్ధంగా ఉండి కూడా ఆపరేషన్ ఆగిపోయే రోజులు ఉన్నాయి. ఆ రోజుల్లో మాకు లేనిది ఒక సైజు కుట్టు దారమో, ఒక స్క్రూనో, తడి లేకుండా ఆరిన పరికరాల సెట్టో అయివుంటుంది. మీరిచ్చే నిధులతో గోడలు లేస్తున్నాయి, యంత్రాలు వస్తున్నాయి. ఆ యంత్రాల పక్కన ప్రతిరోజూ ఉండాల్సిన వస్తువులను వేళకు బల్ల దగ్గరకు చేర్చే ఏర్పాటుకు మాత్రం విడిగా పద్దు ఉండదు. ఆ పద్దు పెట్టండి అని అడగడమే ఈ లేఖ ఉద్దేశం.

ఆ ఏర్పాటు ఎంత పెద్దదో బయటి నుంచి తెలియదు. సిజేరియన్‌నే తీసుకోండి. వెన్నులో మత్తు ఇవ్వడానికి సన్నటి సూది, దాని గుండా ఎక్కించే బుపివకైన్, రక్తపోటు పడిపోతే నిలబెట్టే మందు, బిడ్డ బయటికి రాగానే గర్భసంచి బిగుసుకోవడానికి ఆక్సిటోసిన్, మూత్రానికి వేసే గొట్టం, దానికి సంచి, బ్లేడు, రక్తాన్ని లాగే సక్షన్ ట్యూబు, కరెంటు వేడితో రక్తస్రావం ఆపే కాటరీ పెన్సిలు, తొడకు అంటించే కాటరీ ప్లేటు, లోపల ఉన్న ఒక్కొక్కరి చేతికి సరిపోయే గ్లవ్స్, గర్భసంచి కుట్టడానికి ఒక దారం, పొరకు మరొకటి, చర్మానికి ఇంకొకటి, లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకునే మాప్‌లు, ఆటోక్లేవ్ యంత్రపు ఆవిరిలో సూక్ష్మజీవులు చంపిన గుడ్డలు, పరికరాల సెట్టు. ఇవేవీ ఒకే చోటు నుంచి రావు. మందులు ఫార్మసీ నుంచి, దారాలూ గ్లవ్స్ సర్జికల్ స్టోరు నుంచి, సెట్లు స్టెరిలైజేషన్ విభాగం నుంచి, గుడ్డలు లాండ్రీ నుంచి, రక్తం బ్లడ్ బ్యాంకు నుంచి రావాలి. ఒక్కో విభాగానికి ఒక్కో రిజిస్టరు, ఒక్కో అధికారి, ఒక్కో కొనుగోలు పద్ధతి. వీటన్నిటినీ ఒకే రోగి కోసం, ఒకే గంటకు కలపాల్సిన పని థియేటర్‌లో ఉన్న ఇద్దరు ముగ్గురు నర్సుల మీద పడుతుంది.

వస్తువు వచ్చినంత మాత్రాన సరిపోదు, సరైన స్థితిలో రావాలి. ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉంచాలి. గోదాములోనో, వ్యానులోనో రోజుల తరబడి వేడిలో ఉంటే దాని బలం తగ్గిపోతుంది. కానీ ఆంప్యూల్ చూడటానికి ఎప్పటిలాగే ఉంటుంది. లేబులు బాగుంటుంది, గడువు తేదీ బాగుంటుంది, స్టాకు రిజిస్టరులో లెక్క సరిపోతుంది. బాలింతకు రక్తస్రావం ఆగనప్పుడే మాకు అనుమానం వస్తుంది. మందు కొన్న డబ్బు మీ లెక్కల్లో ఖర్చయినట్లే కనిపిస్తుంది. ఆ మందును చల్లగా తీసుకురావడానికి కావలసిన డబ్బు ఎవరూ ఇవ్వలేదన్న సంగతి ఆ లెక్కల్లో ఎక్కడా కనిపించదు.

తుంటి ఎముక విరిగిన ఒక పెద్దాయన సంగతి చెబుతాను. ఇలాంటి కేసుల్లో ఎముకను బిగించే ప్లేట్లు, స్క్రూల సెట్టును సరఫరాదారు కేసు కోసం పంపిస్తాడు. మేం దాన్ని కడిగి, ఆటోక్లేవ్ చేసి వాడతాం. ఆ రోజు సెట్టు తెరిచి చూస్తే పెద్ద స్క్రూల వరుసలో 85 మిల్లీమీటర్లది ఉంది, 95ది ఉంది, 90ది ఉండాల్సిన గాడి ఖాళీగా ఉంది. ఆ స్క్రూ పొడవు ఎంత కావాలో ఎముకలోకి గైడు తీగ దించి కొలిచాకే కచ్చితంగా తేలుతుంది. మధ్య సైజు లేకుండా మొదలుపెట్టనని సర్జన్ అన్నారు. సరైన నిర్ణయమే. పొట్టి స్క్రూ వేస్తే పట్టు చాలదు, పొడవుది వేస్తే కీలులోకి దూసుకుపోతుంది. ఆ పెద్దాయనను మళ్లీ వార్డుకు పంపించాం. తుంటి ఎముక విరిగిన వృద్ధులకు 36 నుంచి 48 గంటల్లోపు ఆపరేషన్ చేయాలని చాలా దేశాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మంచం మీద గడిచే ప్రతి రోజూ ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, కదలక పడుకోవడం వల్ల పడే పుండ్లు పొంచి ఉంటాయి. ఆ స్క్రూ ఎందుకు లేదని ఆరా తీస్తే, అంతకుముందు వేరే చోట వాడినదాని స్థానంలో కొత్తది పెట్టలేదని తేలింది. పాత బిల్లులు నెలల తరబడి రాకపోవడంతో సరఫరాదారు ఆ వరుసలో నిల్వ తగ్గించుకున్నాడు. బిల్లు ఆగింది ఒక కార్యాలయంలో, దాని ఫలితం అనుభవించింది మంచం మీద ఉన్న మనిషి. ఈ రెంటికీ ఉన్న సంబంధాన్ని ఏ నివేదికా రాయదు.

ఆపరేషన్ వాయిదా పడిందంటే మీ కాగితాల్లో ఒక కేసు రేపటికి జరిగినట్టు. రోగికి అది అంతకన్నా చాలా పెద్దది. ముందు రాత్రి నుంచి ఏమీ తినకుండా, మధ్యాహ్నం దాకా దాహంతో ఉండి, భయాన్ని దిగమింగుకుని స్ట్రెచర్ ఎక్కిన మనిషిని మళ్లీ దింపుతాం. తోడుగా వచ్చిన బంధువు పని మానుకుని వచ్చి ఉంటాడు. రేపు కూడా మానుకోవాలి. కొన్నిచోట్ల వాయిదా వేయకుండా చీటీ రాసి చేతికిస్తారు, ఫలానా దారం, ఫలానా సూది బయట కొనుక్కురమ్మని. ఆపరేషన్ ఉచితమని నమ్మి వచ్చిన కుటుంబం అప్పు కోసం పరుగెత్తుతుంది. శస్త్రచికిత్స ఖర్చు వల్ల ఏటా సుమారు 3.3 కోట్ల మంది ఆర్థికంగా చితికిపోతున్నారని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన గ్లోబల్ సర్జరీ కమిషన్ 2015లో అంచనా వేసింది. అందులో మందుల షాపు చీటీల వాటా ఎంతో ఆ చీటీలు రాసేవాళ్లకు తెలుసు.

అదే కమిషన్ మరో రెండు అంకెలు చెప్పింది. ప్రపంచంలో 500 కోట్ల మందికి సురక్షితమైన, భరించగలిగే శస్త్రచికిత్స అవసరమైన వేళకు అందడం లేదు. ప్రాణాలు కాపాడటానికి, వైకల్యాన్ని ఆపడానికి ఏటా ఇంకా 14.3 కోట్ల ఆపరేషన్లు అదనంగా జరగాలి. ఆ ఏడాదే మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ, అత్యవసర శస్త్రచికిత్సనూ మత్తు వైద్యాన్నీ అందరికీ ఆరోగ్యంలో భాగంగా బలోపేతం చేయాలని తీర్మానించింది. ఇలాంటి అంకెలు చూసినప్పుడు ఎవరికైనా ముందుగా తోచేది కొత్త థియేటర్లు కట్టాలనే. కట్టండి, వద్దనడం లేదు. కానీ ఉన్న థియేటర్లలో రోజుకు ఇంకో కేసు ఎందుకు చేయలేకపోతున్నామో ముందు అడగండి. జవాబు చాలాసార్లు గదిలో దొరకదు, గది వెనక దొరుకుతుంది.

గది వెనక ఉండేది వాడిన పరికరాలను కడిగి, సూక్ష్మజీవులు లేకుండా చేసే స్టెరిలైజేషన్ విభాగం. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిధులు అడిగినప్పుడు ఎక్కువగా తోసిపుచ్చేది దీన్నే. ఆవిరి ఆటోక్లేవ్‌లో 134 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు చావడానికి పట్టే సమయం 3 నిమిషాలు మాత్రమే. ఆ 3 నిమిషాల లెక్క చూసి, రెండు సెట్లుంటే రోజంతా తిప్పుకోవచ్చు కదా అని అడిగిన అధికారులున్నారు. వాడిన సెట్టు ముందుగా నానాలి. ప్రతి కత్తెర కీలునూ తెరిచి బ్రష్షుతో రుద్దాలి. సన్నటి గొట్టాల్లోకి నీళ్లు కొట్టాలి. ఆరబెట్టి, భూతద్దం కింద చూసి, జాబితా ప్రకారం లెక్కపెట్టి, గుడ్డలో చుట్టి, లోపల సూచిక పట్టీ పెట్టి, యంత్రంలో పేర్చాలి. గాలి తీసి ఆవిరి నింపడానికి కొంతసేపు, ఆరడానికి కొంతసేపు, తాకే వీలుగా చల్లారడానికి ఇంకొంతసేపు పడుతుంది. అంతా సవ్యంగా జరిగితే సగం రోజు గడిచిపోతుంది. సవ్యంగా జరగకపోతే సెట్టు తడిగా బయటికి వస్తుంది. చుట్టిన గుడ్డ మీద చేయి పెడితే చెమ్మ తగులుతుంది. తడి గుడ్డ గుండా సూక్ష్మజీవులు లోపలికి పోగలవు కాబట్టి ఆ సెట్టు వాడకూడదు. మళ్లీ విప్పి, మళ్లీ చుట్టి, మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఆవిరి నాణ్యత బాగాలేకపోయినా, నీటిలో లవణాలు ఎక్కువైనా, తొందరలో యంత్రాన్ని కిక్కిరిసేలా నింపినా ఇలాగే జరుగుతుంది.

ఇప్పుడు లెక్క మీరే వేయండి. రెండు థియేటర్లున్నాయి, రోజుకు ఆరు కడుపు ఆపరేషన్లు చేయగల సర్జన్లున్నారు, పెద్ద కడుపు సెట్లు మూడే ఉన్నాయి. ఆ రోజు ఆపరేషన్ల సంఖ్యను నిర్ణయించేది సర్జన్ల సంఖ్య కాదు. మూడో థియేటరు కట్టినా ఆ సంఖ్య కదలదు. అదనంగా నాలుగు సెట్లు, నీటిని శుద్ధి చేసే పరికరం, యంత్రం చూసుకునే శిక్షణ పొందిన టెక్నీషియన్ ఉంటే అది మారుతుంది. ఈ మూడూ కలిపినా ఒక థియేటరు కట్టే ఖర్చులో చిన్న భాగమే. కానీ వీటికి శిలాఫలకం ఉండదు. అడిగిన ప్రతిసారీ వచ్చే ఏడాది చూద్దాం అంటారు. సెట్లు చాలని చోట ఏమవుతుందో కూడా చెప్పాలి. కేసుకూ కేసుకూ మధ్య ఆత్రంగా కడిగి, చుట్టకుండానే ఆటోక్లేవ్‌లో తిప్పి తెచ్చే అలవాటు మొదలవుతుంది. అది అత్యవసరంలో ఒక పరికరం కింద పడినప్పుడు వాడుకోవాల్సిన పద్ధతి. కొరత దాన్ని రోజువారీ పద్ధతిగా మార్చేస్తుంది. తర్వాత గాయాల్లో చీము పడితే ఆ ఖర్చు వేరే పద్దులో, వేరే వార్డులో కనిపిస్తుంది.

ఎప్పుడోగాని వాడని వస్తువుల సంగతి ఇంకా కష్టం. మత్తు ఇచ్చే కొన్ని వాయువులకు, సక్సినైల్‌కోలిన్ అనే మందుకు కొందరి శరీరం విపరీతంగా స్పందిస్తుంది. కండరాలు బిగుసుకుని, ఒంటి వేడి అదుపు తప్పి పెరుగుతుంది. మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అంటారు. చాలా అరుదు. దానికి విరుగుడు డాంట్రోలీన్ ఒక్కటే. అది లేని రోజుల్లో ఈ స్థితికి చేరినవాళ్లలో ఎక్కువ మంది చనిపోయేవారు. వేళకు అది అందిన చోట ఆ మరణాలు పది శాతం లోపుకు తగ్గాయి. వేళకు అంటే ఆ మందు ఇవ్వాలని నిర్ణయం తీసుకున్న 10 నిమిషాల్లో. 70 కిలోల మనిషికి మొదటి మోతాదు కిలోకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున 175 మిల్లీగ్రాములు. పాత తరహా 20 మిల్లీగ్రాముల సీసాలైతే తొమ్మిది కావాలి. ఒక్కొక్క సీసాలో 60 మిల్లీలీటర్ల శుద్ధమైన నీళ్లు పోసి కరిగే దాకా కుదపాలి. మోతాదు మళ్లీ మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి అలాంటి సీసాలు 36 అందుబాటులో ఉంచాలని నిపుణుల సూచన.

కొనుగోలు విభాగం మాత్రం గత ఏడాది ఎంత వాడారని అడుగుతుంది. సున్నా అని రాయాలి. అందుకు ముందు ఏడాది కూడా సున్నానే. ఆ అంకెను చూసి తర్వాతి ఆర్డరులో ఆ వరుస కొట్టేస్తారు. ఒకవేళ కొన్నా, గడువు తీరాక పారేయాల్సి వస్తే ఆడిట్‌లో వృథా ఖర్చని అభ్యంతరం రాస్తారు. ఈ మందు వాడకపోవడమే మా అదృష్టం. దాన్ని వృథా కింద రాయకండి. గత వాడకాన్ని బట్టి కొనే పద్ధతి గ్లవ్స్‌కు సరిపోతుంది. ప్రాణాపాయంలో మాత్రమే అక్కరకొచ్చే వస్తువులకు సరిపోదు. వాటికి వాడకంతో సంబంధం లేని విడి జాబితా, విడి నిధి కావాలి. గడువు తీరడాన్ని ముందే ఒప్పుకున్న ఖర్చుగా లెక్కించాలి. ఆడిట్ నిబంధనల్లో ఈ ఒక్క వాక్యం చేర్చితే ఎంతమంది స్టోరు అధికారుల భయం తీరుతుందో మీరు ఊహించలేరు.

డబ్బు ఎంత ఇస్తారన్నది ఎంత ముఖ్యమో ఎప్పుడు ఇస్తారన్నదీ అంతే ముఖ్యం. ఏడాది మొదట్లో విడుదల కావాల్సిన వాయిదా సగం ఏడాదికి వస్తుంది. చివరి వాయిదా ఆర్థిక సంవత్సరం ఆఖరి వారాల్లో వస్తుంది. ఖర్చు చేయకపోతే వెనక్కి పోతుందన్న ఆందోళనతో దొరికినవి దొరికినట్టు కొంటారు. అప్పుడు ఒకే సైజు గ్లవ్స్ పెట్టెలు వరండాలో మనిషి ఎత్తున పేరుకుంటాయి. అవసరమైన దారం మాత్రం ఉండదు. ఒకేసారి కొన్నవన్నీ ఒకేసారి గడువు తీరతాయి. ఏడాది పొడవునా సమానంగా జరిగే పనికి ఏడాదిలో రెండుసార్లు వరదలా వచ్చే డబ్బు పనికిరాదు. ఈ పద్దుకు మూడేళ్ల హామీ ఇచ్చి, మూడు నెలలకోసారి తప్పనిసరిగా విడుదల చేసి, మిగిలినదాన్ని తర్వాతి ఏడాదికి తీసుకువెళ్లే వీలు కల్పించండి. సరఫరాదారుల బిల్లులకు కూడా గడువు పెట్టండి. డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని చోట నమ్మకమైన సరఫరాదారు టెండరు వేయడు. వేసినవాడు ఆలస్యం ఖరీదును ధరలోనే కలుపుకుంటాడు. అంటే ఆలస్యానికి వడ్డీ మీరే కడుతున్నారు, వస్తువు మాత్రం మాకు అందడం లేదు.

అతి తక్కువ ధరకు ఒక్కరికే మొత్తం ఆర్డరు ఇవ్వడం గురించి కూడా ఆలోచించండి. ఇది బీద దేశాల సమస్య మాత్రమే కాదు. 2024 సెప్టెంబరు చివర హెలీన్ తుఫాను అమెరికాలోని నార్త్ కరోలినాను ముంచెత్తినప్పుడు, అక్కడి నార్త్ కోవ్‌లో బాక్స్‌టర్ సంస్థ సెలైన్ కర్మాగారంలోకి వరద నీళ్లు వచ్చాయి. ఆ దేశం వాడే సెలైన్ ద్రవాల్లో దాదాపు 60 శాతం ఆ ఒక్క చోటే తయారయ్యేది. దేశమంతటా ఆసుపత్రులు సెలైన్‌ను పొదుపుగా వాడటం మొదలుపెట్టాయి. అత్యవసరం కాని ఆపరేషన్లను కొన్ని ఆసుపత్రులు వాయిదా వేశాయి. కీళ్లలో, మూత్రాశయంలో గొట్టం పెట్టి చేసే ఆపరేషన్లకు కడగడానికే లీటర్లకొద్దీ ద్రవం కావాలి మరి. అంతకు ఏడేళ్ల ముందే, 2017లో, మరియా తుఫాను ప్యూర్టోరికోను దెబ్బతీసినప్పుడు అక్కడి కర్మాగారాలు ఆగిపోయి చిన్న సెలైన్ సంచులకు ఇలాంటి కొరతే వచ్చింది. 2022లో షాంఘై లాక్‌డౌన్‌తో అక్కడి ఒక కర్మాగారంలో ఉత్పత్తి తగ్గగానే స్కానింగులకు వాడే కాంట్రాస్టు మందు చాలా దేశాల్లో కరువైంది. అంత డబ్బున్న వ్యవస్థలే ఒక్క కర్మాగారం మీద ఆధారపడి ఇన్ని ఇబ్బందులు పడితే, నెల రోజుల నిల్వ కూడా లేని ఆసుపత్రుల సంగతి చెప్పనక్కర్లేదు. ప్రాణాధారమైన కొన్ని వస్తువులకు ఇద్దరు సరఫరాదారులు ఉండాలి. రెండోవారి ధర కాస్త ఎక్కువైనా చెల్లించే అధికారం కొనుగోలు కమిటీకి ఇవ్వాలి. ఆ తేడాను కొరత రానివ్వకుండా కట్టే బీమా అనుకోండి.

మొత్తం తప్పు నిధులదే అనడం లేదు. థియేటర్ లోపల జరిగే వృథా కూడా ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో ఆసుపత్రిలో మెదడు, వెన్నెముక ఆపరేషన్లను పరిశీలించిన ఒక అధ్యయనంలో, తెరిచి వాడకుండా పారేసిన వస్తువుల విలువ మొత్తం సర్జికల్ వస్తువుల ఖర్చులో 13 శాతం దాకా తేలింది. ప్రతి సర్జన్‌కూ ఏ కేసుకు ఏమేం కావాలో రాసిన కార్డు ఉంటుంది. ఆ కార్డులు ఏళ్ల తరబడి మారవు. బదిలీ అయిన సర్జన్ కార్డు ప్రకారం కొత్త సర్జన్‌కు వస్తువులు తెరుస్తారు. ఆ కార్డులను కూర్చుని సరిదిద్దడానికీ, అడిగితే తప్ప తెరవకూడని వస్తువులను వేరు చేయడానికీ మనిషి సమయం కావాలి. ఒకే పనికి నలుగురు సర్జన్లు నాలుగు కంపెనీల దారాలు అడుగుతుంటే వాళ్లను కూర్చోబెట్టి రెండింటికి ఒప్పించే పెద్దరికం కూడా కావాలి. దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ చేయదు. బార్‌కోడులు, కంప్యూటర్ స్టాకు మంచివే, అవీ కావాలి. కానీ రాత్రి పూట అత్యవసర కేసుకు తీసిన దారాన్ని స్కాన్ చేసే మనిషి లేకపోతే తెల్లారేసరికి కంప్యూటర్లో ఉన్న లెక్క వేరు, అలమరలో ఉన్న లెక్క వేరు.

అందుకే, ఈ పద్దులో మొదటి ఖర్చు మనుషుల మీద పెట్టమని అడుగుతున్నాను. థియేటర్ వస్తువుల బాధ్యత ఒక్కటే చూసే ఫార్మసిస్టు లేదా స్టోరు అధికారి, స్టెరిలైజేషన్ విభాగానికి శిక్షణ ఉన్న సిబ్బంది, యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్. బీద దేశాల ఆసుపత్రుల్లో వైద్య పరికరాల్లో సుమారు 40 శాతం పనిచేయకుండా పడి ఉన్నాయని 2011లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. మూలన పడ్డ ఆ యంత్రాల్లో చాలావాటికి కావలసింది ఒక ఫ్యూజు, ఒక గొట్టం, వాటిని మార్చడం తెలిసిన ఒక మనిషి. ఇప్పుడు ఈ పనులన్నీ నర్సులు రోగిని చూసుకుంటూ మధ్యమధ్యలో చేస్తున్నారు. దారం కోసం స్టోరుకు పరుగెత్తిన నర్సు, ఆ కాసేపు బల్ల మీది మనిషి పక్కన లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇచ్చిన డబ్బు సరిగా ఖర్చయిందో లేదో ఎలా తెలుస్తుందని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కొన్న వస్తువుల విలువను బట్టి చూడకండి, వాయిదాలను బట్టి చూడండి. వస్తువు లేక వాయిదా పడిన ప్రతి ఆపరేషన్‌కూ ఒక వరుస రాయించండి. ఏ తేదీ, ఏ వస్తువు, ఎన్ని గంటలు లేదా ఎన్ని రోజుల ఆలస్యం, రోగి బయట కొనాల్సి వచ్చిందా. రోగి పేరు అక్కర్లేదు. దీనికి కొత్త ఫారం కూడా అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన శస్త్రచికిత్స భద్రతా చెక్‌లిస్టు చాలా థియేటర్లలో ఇప్పటికే గోడ మీద ఉంది. 19 అంశాలు. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని అమలు చేసి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. కోత పెట్టే ముందు స్టెరిలిటీ నిర్ధారణ అయిందా, పరికరాల ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అందులో నర్సును అడుగుతారు. రోగిని గది నుంచి పంపే ముందు, సరిచేయాల్సిన పరికరాల సమస్యలున్నాయా అని మళ్లీ అడుగుతారు. మేం జవాబు చెబుతాం. రాస్తాం కూడా. సక్షన్ సరిగా లాగలేదు, కాటరీ తీగ తెగింది, సూది పట్టే పరికరం పళ్లు అరిగిపోయాయి. ఆ కాగితం కేసు షీటులో చేరి రికార్డు గదికి పోతుంది. అక్కడి నుంచి మీ దాకా రాదు. ఆ జవాబులు నెలకోసారి నిధులు ఇచ్చేవారి బల్ల మీదికి వచ్చే ఏర్పాటు చేయండి. వాటిని జనానికి కూడా చూపించండి. మూడు నెలల అంకెలు పక్కపక్కన పెడితే ఎక్కడ ఏ వస్తువు ఎందుకు అందడం లేదో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఒక్క షరతు. వాయిదాలు ఎక్కువ రాసిన ఆసుపత్రిని శిక్షించకండి. శిక్షిస్తే రాయడం మానేస్తారు. నిజం రాసిన చోటికే ముందు నిధులు పంపండి. అలా చేస్తారన్న నమ్మకం కుదిరితే మిగతావాళ్లూ రాస్తారు.

వచ్చే బడ్జెట్ ప్రతిపాదనలు తయారయ్యే ముందు ఒక పని చేయండి. మీ ఆర్థిక విభాగం నుంచి, నిధుల విడుదల ఫైలు చూసే అధికారినే, ఏదైనా ఒక ప్రభుత్వాసుపత్రికి వారం మొదటి రోజు ఉదయం పంపించండి. థియేటర్‌లోకి రానక్కర్లేదు, సర్జికల్ స్టోరు కిటికీ దగ్గర కూర్చుంటే చాలు. ఆ రోజు కేసుల జాబితా ఒక చేత్తో, తిరిగి వచ్చిన ఇండెంట్లు మరో చేత్తో పట్టుకుని చూడమనండి. 'నిల్వ లేదు' అని ముద్ర పడిన కాగితాలన్నిటినీ మీకు తెచ్చి ఇవ్వమనండి. ఏ వస్తువుకు ఎంత నిధి, ఏ నెలలో కావాలో వాటి నుంచే రాసుకోవచ్చు. సాయం కావాలంటే మేం వచ్చి కూర్చుంటాం.

ఇట్లు,
ఒక ప్రభుత్వాసుపత్రి ఆపరేషన్ థియేటర్ ఇన్‌ఛార్జి నర్సు